గట్టు మీది గుర్రపుడెక్క

ఈ వారం కాకినాడ శివారులో ఒక పంట కాలువ బాగుచేశారు. పొక్లెయిన్ గుర్రపుడెక్కనంతా తోడి గట్టు మీదే కుప్పలు పోసి వెళ్లింది. పని జరిగినందుకు సంతోషమే. కానీ ఆ కుప్పలు చూస్తే ఒళ్లు మండుతుంది. నాలుగు వానలు పడితే ఆ కుళ్లంతా మళ్లీ కాలువలోకే దిగుతుంది.

నీటి సంగతి తెలియాలంటే అందులో పెరిగే మొక్కను చూడాలని ఈ కాలమ్ ఎప్పటినుంచో పోరుతోంది. గుర్రపుడెక్కను పైకి లాగి వేళ్లు చూడండి. భాస్వరం తక్కువున్న నీళ్లలో దాని కుచ్చు వేళ్లు తిండి కోసం పొడుగ్గా సాగుతాయి. వరిచేల నుంచి యూరియా, డీఏపీ, చేపల చెరువుల నుంచి మేత మడ్డి, ఊళ్ల నుంచి మురుగు వచ్చి కలిసే చోట వేళ్లు పొట్టిగా, ఆకులు ఏపుగా ఉంటాయి. నీరు పచ్చబడి వెలుతురు అడుగుకు దిగకపోతే నీటిలోపల పెరిగే నాచు మొక్కలు ముందే చచ్చిపోతాయి. ఆ తర్వాత కాలువంతా పైన తేలే మొక్కలదే.

అంత మురుగును తాగే మొక్కను అసలు తీయడం ఎందుకు? 1970ల్లో అమెరికాలోని మిసిసిపీలో నాసా శాస్త్రవేత్త వుల్వర్టన్ ఇదే మొక్కతో మురుగునీటి కుంటలను శుద్ధి చేసి చూపించారు. నత్రజని, భాస్వరమే కాదు, సీసం, కాడ్మియం వంటి లోహాలనూ ఇది పీల్చి ఎక్కువగా వేళ్లలోనే దాచుకుంటుంది. కాలువల్లో దీన్ని ఉండనిస్తేనే మేలని వాదించాలనిపిస్తుంది.

కొల్లేరును చూశాక ఆ వాదన నిలవదు. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు అది. అక్కడ గుర్రపుడెక్క మేటలు వేసిన చోట కింది నీటికి గాలి ఆడదు, చేపకు ఊపిరి అందదు. మొక్క చచ్చి కుళ్లితే తాగినదంతా తిరిగి నీళ్లలోనే కక్కుతుంది. పైగా ఉప్పునీరు తగిలితే ఇది బతకదు. మన కాకినాడ కాలువల్లో ఎగువన తీయకుండా వదిలేస్తే కొట్టుకొచ్చి, ఇక్కడి ఉప్పుటేరు చేరి, అక్కడ కుళ్లుతుంది. ఎగువ పొలాల ఎరువు కోరంగి మడ అడవుల వైపు అలా కూడా చేరుతుంది.

కాబట్టి తీయాల్సిందే. కుళ్లకముందే తీసి, నీటికి దూరంగా మోసుకెళ్లాలి. పాతరోజుల్లో చెరువు మట్టిని బళ్ల మీద పొలాలకు తోలేవారు. చేలో నుంచి పోయిన సారం చేలోకే వచ్చేది. పంట కాలువ గుర్రపుడెక్కను కంపోస్టు చేస్తే అదే లాభం. ఫ్యాక్టరీల నీరు, పట్టణపు మురుగు కలిసే డ్రెయిన్లలోదాన్ని మాత్రం లోహాల పరీక్ష చేయించకుండా పొలంలో వేయకూడదు.

తూటికూర కూడా నీళ్లలోని లోహాలను ఇలాగే పీల్చుకుంటుంది. అది నేరుగా కంచంలోకి వస్తుంది. బజారులో కట్ట కొనేముందు, ఏ నీళ్లలో కోసిందో అడిగి కొనండి.