గోడ నుంచి విడివడిన ఇటుక: ఒక ప్రోగ్రెసివ్ రాక్ పాట – నిర్మాణం, స్వీకరణ

ప్రోగ్రెసివ్ రాక్ ప్రక్రియకూ విడిపాటకూ సహజంగా పొసగదు. ఎల్.పి. రికార్డు ఒక ముఖమంతా ఆక్రమించే సుదీర్ఘ రచనలు ఆ ప్రక్రియ లక్షణం. మూడు నిమిషాల రేడియో పాట దానికి పరాయిది. 1968 తర్వాత దశాబ్దానికి పైగా బ్రిటన్‌లో ఒక్క సింగిల్ కూడా వెలువరించని పింక్ ఫ్లాయిడ్ బృందం 1979 నవంబరులో ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్, పార్ట్ 2’ను విడుదల చేయడం అందువల్లనే విశేషం. ఈ పాటను విద్యావ్యతిరేక నినాదంగా చదవడం పరిపాటి అయింది. పాట తయారైన తీరును, అది చేరిన చోట్లను కలిపి పరిశీలిస్తే ఆ పఠనం నిలవదు.

రోజర్ వాటర్స్ రచించిన మూలరూపంలో ఉన్నది ఒక్క చరణం, ఒక్క పల్లవి. ‘ద వాల్’ ఆల్బమ్ కథానాయకుడు పింక్ తన చుట్టూ తానే కట్టుకునే గోడలో తండ్రి మరణం ఒక ఇటుక, బడి మరొక ఇటుక. అంటే ఆల్బమ్‌లో ఇది తిరుగుబాటు గీతం కన్నా ఒంటరితనపు కథలో ఒక ఘట్టం. నిర్మాత బాబ్ ఎజ్రిన్ దీనిలో విడిపాటను చూశాడు. డిస్కో క్లబ్బులకు వెళ్లి ఆ సంగీతం విని రమ్మని గిటారిస్టు డేవిడ్ గిల్మోర్‌కు సూచించాడు. లయ డిస్కో నడకలోకి మారింది. పాట నిడివి చాలకపోవడంతో ఉన్న చరణాన్నే మళ్లీ వాడి, రెండవసారి పిల్లల గొంతులు చేర్చాడు. లండన్‌లో బృందపు స్టూడియోకు సమీపంలోని ఇస్లింగ్టన్ గ్రీన్ పాఠశాల నుంచి 23 మంది విద్యార్థులను సంగీతోపాధ్యాయుడు అలన్ రెన్షా తీసుకువచ్చాడు. వారి గొంతులను ఒకదానిపై ఒకటి పలుమార్లు పేర్చి ముద్రించడంతో తరగతి గది గుంపుగా మారింది. ఉపాధ్యాయులను నిలదీసే పాట ఒక ఉపాధ్యాయుని చొరవతో ఈ రూపం పొందిందన్న సంగతిని విమర్శకులు తరచుగా చమత్కారంగా చెప్పి వదిలేస్తారు. నిజానికి పాట అర్థానికి అది కీలకం: ఇక్కడ నిరసన బోధన మీద కాదు, బోధన పేరిట సాగే అవమానం మీద.

సంగీతపరంగానూ ఈ ద్వంద్వం వినిపిస్తుంది. పిల్లల బృందగానం ఎగుడుదిగుళ్లు లేని కవాతు. అది ముగిసిన చోట గిల్మోర్ గిటారు ఒంటరిగా, స్వేచ్ఛగా సాగుతుంది. (ఇందులోని స్వరస్థానాలు ఖరహరప్రియ మేళానికి దగ్గరివి; రాగభావం మాత్రం వెతకరాదు.) ఎదిరించే గొంతులు కూడా ఒకే మూసలో పలకడం గమనార్హం. ఆల్బమ్ నుంచి వేరైన పాటలో ఈ వ్యంగ్యం మరుగునపడి నినాదం మిగిలింది. విడిపాట పొందిన విజయానికి చెల్లించిన మూల్యం ఇదే.

విజయం మాత్రం అసాధారణం. బ్రిటన్‌లో ఐదు వారాలు, 1980లో అమెరికాలో నాలుగు వారాలు ఇది ప్రథమ స్థానంలో నిలిచింది. తొలి వాక్యంలోని జంట నిషేధాన్ని వ్యాకరణదోషంగా పట్టుకుని ఎగతాళి చేసినవారున్నారు. వాడుకభాష ధిక్కారాన్ని వ్యాకరణంతో కొలవడం గ్రాంథికవాదుల కాలం నుంచి తెలుగువారికి తెలిసిన పొరపాటే. దక్షిణాఫ్రికాలో స్వీకరణ వేరు. 1980లో జాతివివక్షతో కూడిన విద్యావిధానాన్ని ప్రతిఘటిస్తూ తరగతులు బహిష్కరించిన విద్యార్థులు ఈ పాటను తమదిగా చేసుకున్నారు. ఆ ఏడాది మే నెలలో ప్రభుత్వం దానిని నిషేధించింది. ఆ విద్యార్థులు వద్దన్నది చదువును కాదు, తమను తక్కువ చేసే చదువును. రచయిత ఉద్దేశించని అర్థమే అయినా, పాటకు దక్కిన పఠనాలలో అత్యంత న్యాయమైనది ఇదే.

నారాయణఖేడ్ వంటి ప్రాంతపు చరిత్ర నుంచి చూస్తే ఈ పఠనం మరింత బలపడుతుంది. నిజాం రాజ్యంలో బీదరు జిల్లాకు చెంది, 1956లో మెదక్‌లో చేరి, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ సరిహద్దు సీమలో తెలుగు, కన్నడ, మరాఠీ కలగలిసి వినిపిస్తాయి. పాలనకూ ఉన్నత విద్యకూ ఉర్దూయే భాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ అదే బోధనాభాష. 1930లో సమీపంలోని జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సమావేశం జరుపుకున్న ఆంధ్ర మహాసభ మాతృభాషలో చదువు కోసం గొంతెత్తింది. బడి దక్కనివారు, దక్కినా తమ భాష దక్కనివారు ఉన్న నేల మీద ‘చదువు వద్దు’ అన్న మాట యథాతథంగా మొలకెత్తదు. ‘ఈ తీరు చదువు వద్దు’ అన్న మాటగానే బతుకుతుంది. లండన్ పాట కేప్‌టౌన్ దారిన ఇక్కడికి చేరితేనే అర్థవంతమవుతుంది.

పాడిన పిల్లల సంగతి మిగిలింది. వారు తెర మీద కనిపించడానికి ప్రధానోపాధ్యాయురాలు అనుమతించలేదు. పాఠశాలకు ముట్టినది వెయ్యి పౌండ్లు. 1996లో బ్రిటన్ కాపీరైటు చట్టం మారి, ప్రసారాల రాయల్టీలో పాడినవారికీ హక్కు ఏర్పడింది. ఆ హక్కును అడిగే ప్రయత్నం 2004లో గాని మొదలు కాలేదు; అప్పటికి వారు నలభైకి చేరువైన మనుషులు, ఒక్కొక్కరినీ వెతికి పట్టుకోవలసి వచ్చింది.