బోడి కుంటకు కంప నీడ

అశ్వారావుపేట, దమ్మపేట దారిలో పోతుంటే చేలల్లో కొత్త కుంటలు కనిపిస్తాయి. నాలుగు పలకలుగా, అంచులు కత్తితో కోసినట్టుంటాయి. గట్టు మీద గడ్డి లేదు, నీళ్లలో తుంగ లేదు. జేసీబీ తవ్విన కుంట మరి, గుండు కొట్టించుకున్న తలలా ఉంటుంది. వానలు పడగానే రైతు అందులో బొచ్చె, రవ్వు పిల్లలు వదులుతాడు. ఎండాకాలం వల వేస్తే సగం కూడా రావు. "మేత చాల్లేదు" అనుకుంటాడు. చాలాసార్లు లోపం మేతలో ఉండదు. వేలెడు చేపపిల్ల కొంగకూ నీటికాకికీ కనబడకుండా దాక్కునే చోటే ఆ కుంటలో లేదు.

పాత చెరువులకు ఈ బాధ లేదు. తుంగ, తామర, సగం మునిగిన తుమ్మచెట్లు వాటికి పుట్టుకతో ఉన్నవే. వాటికి తోడు మత్స్యకారులు నీళ్లలో తుమ్మ కంప కూడా వేసేవారు. రాత్రిపూట దొంగ వల వేసేవాడికి కంప తగిలితే వల చిరిగి పీలికలవుతుంది. కాపలాకు వేసిన కంపే చేపకు ఇల్లయింది.

ఇల్లే కాదు, వంటిల్లు కూడా. నెల రోజులు నానిన కొమ్మను పైకి లాగి చేత్తో తడిమి చూడండి. వేళ్లు జారతాయి. గోధుమ, ఆకుపచ్చ కలిసిన జిగట పాకుడు, అందులో కంటికి ఆనీ ఆనని పురుగులు. రవ్వు కింది పెదవి అంచు కుచ్చులా ఉంటుంది. దాంతో ఈ పాకుడును గీక్కు తింటుంది. మంగళూరు మత్స్య కళాశాల పరిశోధకులు చెరకు పిప్పి, వెదురు వంటివి నీళ్లలో ఉంచి, వాటి మీద పట్టిన పాకుడుతో చేపలు ఎలా పెరుగుతాయో పరీక్షించారు. అస్సాం, బంగ్లాదేశ్‌ల నీటిమడుగుల్లోనూ, ఆఫ్రికాలోని బెనిన్ ఉప్పుకయ్యల్లోనూ కొమ్మలు గుచ్చి చేపల్ని పోగేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. బెనిన్‌లో దాన్ని అకాద్జా అంటారు.

మన దగ్గర సరుకు కొనే పనే లేదు. సారపాక పేపరు మిల్లుకు సుబాబుల్ మొద్దులు పోయాక కొసకొమ్మలు చేనులోనే పడి ఉంటాయి. పామాయిల్ తోటల్లో కొట్టేసిన మట్టలు వరసల మధ్య కుప్పలుగా ఉంటాయి. అడవి పక్కనే ఉంది కదా అని రిజర్వు ఫారెస్టులో కొమ్మ కొట్టారో, చేపల లాభం జరిమానాకు పోతుంది. సొంత చేనులో మిగిలింది చాలు.

నాకు అన్నిటికంటే నచ్చేది గూన పెంకు. ఊళ్లలో స్లాబు ఇళ్లు లేచాక పాత పెంకులు పెరట్లో గోడకు ఆనించి పేర్చి ఉంటాయి. వాటిలో పాములు తప్ప ఎవరూ కాపురం ఉండరు. రెండు పెంకులు ఎదురెదురుగా బోర్లించి, పైన ఇంకొకటి పెడితే చిన్న సొరంగం తయారవుతుంది. జెల్ల, మార్పు లాంటి మీసాల చేపలు పగలంతా అందులో పడుకుని చీకటి పడ్డాక బయటికి వస్తాయి. పగిలిన కుండ, బోరు వేశాక మిగిలిన కేసింగ్ పైపు ముక్క కూడా అంతే పనిచేస్తాయి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి. చాటు ఎక్కువ ఉంటే ఆ నష్టం కొంత తగ్గుతుంది. అయితే బొచ్చె, రవ్వు పిల్లలున్న కుంటలో కొర్రమీను చేరిందంటే అదే చాటున మాటువేసి వాటిని మింగుతుంది. ఏది పెంచాలో ముందే తేల్చుకోవాలి.

చేతికి దొరికిందల్లా నీళ్లలో పడేయడమూ కాదు. పచ్చి ఆకుతో కొమ్మ వేస్తే ఆకు కుళ్లి నీళ్లలోని ప్రాణవాయువును లాగేస్తుంది. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే కొమ్మ ఎండి ఆకు రాలేదాకా గట్టు మీదే ఉంచాలి. జామాయిల్ ఆకులో నూనె ఉంటుంది, అది అసలొద్దు. మందులు కొట్టీ కొట్టీ పండించిన మిరప కట్టె, పత్తి కట్టె కూడా దగ్గరికి రానివ్వకూడదు. పురుగుమందు డబ్బాలు, పాత టైర్ల సంగతి చెప్పక్కర్లేదు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో 1970లలో చేపలకు గూళ్లు కడతామని సుమారు 20 లక్షల టైర్లను సముద్రంలో దించారు. కట్లు తెగి అవి పక్కనున్న అసలు పగడపు దిబ్బల మీదే దొర్లాయి. వాటిని ఏరే పని దశాబ్దాల తర్వాత కూడా తెమల్లేదు.

భీమవరం వైపు వందల ఎకరాల చెరువుల్లో మేత వేసి పెంచేవాళ్లకు ఈ కంప అడ్డమే. అక్కడ వల సాఫీగా నడవాలి. అరెకరం కుంట రైతుకైనా కుంట నిండా కంప ఉంటే పట్టుబడి రోజున ఏడుపే. ఒక మూలకే వేయండి. కట్ట కట్టి, రాయి బరువు పెట్టి, తాడు కొసను గట్టు మీద గుంజకు ముడేయండి. వల దించే ముందు రోజు లాగేస్తే సరి.

మే నెలలో కుంట అడుగు తేలుతుంది. పెంకులు పేర్చడానికి అప్పుడే వీలు. మృగశిర కార్తె దాటి వానలు దిగాక మెడలోతు నీళ్లలో ఆ పని కాదు.