స్నానాల గది ఎక్కడ పెట్టారు?

పాత ఇంటిని హోటల్‌గా మార్చినవాళ్ళ పనితనం తెలియాలంటే నేను ముందు చూసేది స్నానాల గది. వసారాలో గ్రామఫోను, గోడకి ఆనించిన ఎడ్లబండి చక్రం ఎవరైనా కొనుక్కొచ్చి పెట్టగలరు. తాతల నాటి చెక్క ఇంట్లో గదికో బాత్రూమ్ అమర్చడం అంత తేలిక కాదు.

అహ్మదాబాద్ పాతబస్తీలో ఈ సంగతి బాగా తెలుస్తుంది. 1411లో అహ్మద్ షా కట్టించిన ఊరు. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమైంది. మన దేశంలో ఆ పేరు ముందు దక్కింది దీనికే. ఇళ్ళన్నీ ‘పోళ్’లలో ఉంటాయి. ఒక పెద్ద తలుపు, లోపల ఒక సందు, దాంట్లోంచి చీలిన ఇంకా సన్నటి సందులు. అక్కడక్కడా పిట్టలకి గింజలు వేసే చబూత్రో స్తంభం. ఆటో చాలావరకు బయటి రోడ్డు మీదే దింపేస్తుంది. అక్కణ్ణుంచి పెట్టె మోసుకోవాల్సిందే.

ఈ ఇళ్ళకి చెక్క చట్రం, మధ్యలో ఇటుక. 2001 జనవరి 26 భూకంపానికి ఊళ్ళో కొత్త అపార్ట్‌మెంట్లు కొన్ని కుప్పకూలాయి గానీ పోళ్ ఇళ్ళు చాలావరకు నిలబడ్డాయి. చెక్క కాస్త ఊగి సర్దుకుంటుంది. అలాంటి చెక్క చెమ్మకి మాత్రం ఓడిపోతుంది. చెమ్మ తగిలిందంటే వెనకే చెదలు. అందుకని పని తెలిసిన మేస్త్రీ బాత్రూములన్నీ ఇంటికి ఒకే మూలన, ఒకదాని మీద ఒకటి వచ్చేలా కట్టి, గొట్టాలన్నీ ఒకే గోడ వెంట కిందికి దించుతాడు. ఇలా చేస్తే ఒకటి రెండు గదులు తగ్గుతాయి. ఆ నష్టానికి ఒప్పుకున్న యజమాని ఎక్కువ అద్దె అడిగినా నాకు బాధ లేదు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నేను దిగిన ఒకచోట, పైగది స్నానపు నీళ్ళు చెక్కడపు దూలం పొడుగునా మరకై దిగాయి. దాని మీద నిగనిగలాడే వార్నిష్ పూశారు.

ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చౌక్ ఉంటుంది. కోనసీమ మండువా లోగిలి ఎరిగినవాళ్ళకి చూడగానే చుట్టరికం కలుస్తుంది. మన మండువాలో పడ్డ వాన తూము గుండా బయటికి పోతుంది. ఇక్కడ వానను పోనిచ్చేవాళ్ళు కాదు. మొదటి వాన కప్పు కడగడానికి వదిలేసి, తర్వాతిది గొట్టంలోంచి చౌక్ కింద సున్నపు గచ్చు చేసిన ‘టాంకా’లోకి మళ్ళించేవాళ్ళు. ఒకప్పుడు ఏడాది పొడుగునా తాగేది ఆ నీళ్ళే. మంచి హోటళ్ళలో టాంకా మూత ఇప్పటికీ తెరుచుకుంటుంది. కొన్నిచోట్ల దాని మీద సోఫా వేసేశారు!

మెట్ల సంగతి ముందే చెప్పాలి. నిలువుగా, ఇరుగ్గా ఉంటాయి. పట్టుకోవడానికి కొన్నిచోట్ల తాడే దిక్కు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే కింది గది ఉందో లేదో అడిగి మరీ బుక్ చేయండి. పైవాళ్ళ అడుగుల చప్పుడు కింద వినిపిస్తుంది. తిండికి నడక దూరంలో మాణెక్ చౌక్ ఉంటే చాలు: పగలు బంగారం కొట్లు, అవి మూశాక అర్ధరాత్రి దాటేదాకా తిండి బళ్ళు.

పోళ్‌లో చాలా కుటుంబాలు సబర్మతి అవతలికి వెళ్ళిపోయాయి. ఖాళీ ఇల్లు గోడౌన్ అయ్యేకంటే హోటల్ కావడం మేలే. అయితే సందంతా హోటళ్ళే అయితే నాకు అక్కడ పని లేదు. ఎదురింటి అరుగు మీద బఠాణీలు ఒలుస్తూ, ‘ఎవరింటికి వచ్చావు?’ అని నిలదీసే బా ఉండాలి. (‘బా’ అంటే అక్కడ పెద్దావిడ.) రాత్రి ఆలస్యంగా వస్తే మర్నాడు ఆవిడ అడుగుతుంది కూడా. జనవరి 14న ఉత్తరాయణానికి వెళ్ళాలనుకుంటే ఆవిడతో ముందే మంచి చేసుకోండి. ఆ రోజు ఊరంతా గాలిపటాలతో డాబాల మీదే ఉంటుంది. చోటు బేరం పెట్టి అద్దెకిచ్చే డాబాలూ ఉన్నాయి. ఆవిడ డాబా హోటల్ డాబాకంటే ఎత్తు.