నీటిమట్టానికి యజమాని ఎవరు?

కంపెనీల పాలసీలను డేటా గవర్నెన్స్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి సర్దడం నా వృత్తి. కొత్త కుర్రాళ్ళకు పని నేర్పేటప్పుడు అందరూ బ్యాంకుల సంగతి చెబుతారు. నేను డొంకరాయి చెబుతాను.

సీలేరు నది మీద ఆంధ్రప్రదేశ్ జెన్‌కో జలాశయం అది. పూర్తిస్థాయి నీటిమట్టం 1037 అడుగులు. అక్కడ 25 మెగావాట్ల కేంద్రాన్ని నడిపిన నీళ్ళు పవర్ కెనాల్ గుండా పొల్లూరు చేరి, 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రాన్ని తిప్పుతాయి. ఆపైన శబరిలో కలిసి గోదావరికి. దాళ్వాకు నీళ్ళు సరిపోని ఏడాది గోదావరి డెల్టా రైతులు చూసేది ఈ కొండలవైపే. ఎగువన బలిమెల నీటిలో ఒడిశాకూ వాటా ఉంది. అంటే కరెంటువాళ్ళ అవసరం, సాగునీటివాళ్ళ అవసరం, రెండు రాష్ట్రాల పంపకం, 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం... అన్నీ నీటిమట్టం అనే ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతాయి.

మరి గేట్లు ఎత్తే పాలసీని ఏ ఫోల్డర్‌లో పెడతారు? కుర్రాళ్ళలో సగంమంది ఆపరేషన్స్ అంటారు, సగంమంది సేఫ్టీ అంటారు. నేను దేంట్లోనూ వద్దంటాను. శాఖలవారీ ఫోల్డర్లు పాలసీ రాసినవాళ్ళకు సుఖంగా ఉంటాయి గానీ, అర్ధరాత్రి వరదలో గేటు దగ్గరున్న ఇంజినీరుకు పనికిరావు. 'నీటిమట్టం' అన్న డేటాకే ఒక ఎంట్రీ తెరవాలి. కొలత అడుగుల్లోనా, మీటర్లలోనా? నమోదు ఎవరిది, సరిచూసేది ఎవరు? ఇవి తేల్చి, సంబంధమున్న పాలసీలన్నీ దానికే తగిలించాలి. 1037 అడుగులంటే సుమారు 316 మీటర్లు. యూనిట్ రాయని గడిలో ఆ 316 కనబడితే జలాశయం ఎండిపోయిందనుకోవాలి! కొలిబ్రా, మైక్రోసాఫ్ట్ పర్వ్యూ లాంటి డేటా గవర్నెన్స్ సాఫ్ట్‌వేర్లలో ఇలాంటి లంకె వేసుకోవచ్చు. అయినా ఎక్కువమంది పీడీఎఫ్‌లు ఎక్కించి చేతులు దులుపుకుంటారు. దాన్ని బీరువా మార్చడమంటారు, సర్దడం అనరు.

ఇంకో చిక్కు ఉంది, నాకు ఇదే అసలైనదనిపిస్తుంది. దిగువ సీలేరు కేంద్రం ఉన్న మోతుగూడెం ప్రాంతం 2014 దాకా ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు మండలాలతో పాటు తూర్పు గోదావరిలోకి వచ్చింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. టర్బైన్లు అంగుళం కదల్లేదు, కలెక్టరేట్ మాత్రం మారుతూ వచ్చింది. వరద హెచ్చరిక వెళ్ళాల్సిన చోటును పాలసీ పాఠంలోనే 'ఖమ్మం కలెక్టర్' అని రాసి ఉంటే? అందుకే హెచ్చరిక అందుకునే జిల్లా, అధికారి హోదా, ఫోన్ నంబరు పాలసీలో రాయకూడదు. వాటికి విడిగా ఒక పట్టిక ఉండాలి, పాలసీ దాన్ని చూపించాలి. పట్టిక మారిన రోజే పాలసీ మారినట్టు.

కేంద్ర జలసంఘం 'ధర్మ' పేరుతో దేశంలోని ఆనకట్టల సమాచారానికి ఒక సాఫ్ట్‌వేర్ నడుపుతోంది. ఆనకట్టల పత్రాలన్నీ ఒకచోటికి చేరడం మంచిదే. చేరిన పత్రానికి దిక్కెవరన్నది మాత్రం సాఫ్ట్‌వేర్ తేల్చదు, ఆనకట్ట యజమానే తేల్చాలి.

మీ ఆఫీసులో ఏదో ఒక పాలసీ తెరిచి చూడండి. ఆ పాలసీకి బాధ్యుడెవరన్నది, తర్వాతి సమీక్ష తేదీ రెండూ ఉన్నాయా? ఒక్కటి లేకపోయినా, అది తేలేదాకా దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించకండి.