సూర్యకాంతిలో రెండు గీతలు: పాపర్, కూన్ అభిప్రాయములపై ఒక విమర్శ

విజ్ఞానశాస్త్రము ఎట్లు పనిచేయును? ఈ ప్రశ్నకు మన వేదాంత కళాశాలలలో సాధారణముగా రెండు జవాబులు వినబడుచున్నవి. మొదటిది 1934లో కార్ల్ పాపర్ ఇచ్చినది: అబద్ధమని తేలుటకు అవకాశమున్న ప్రతిపాదనయే శాస్త్రీయము. రెండవది 1962లో థామస్ కూన్ ఇచ్చినది: శాస్త్రజ్ఞులు ఒక నమూనాను అంగీకరించి దాని లోపలనే పనిచేయుదురు, పరిష్కారము దొరకని చిక్కులు పేరుకొన్నప్పుడు ఆ నమూనాయే మారును. ఇవి ప్రసంగవేదిక మీదికి వచ్చుసరికి, "సైన్సు మాటిమాటికి మారును గనుక నమ్మదగదు" అనియు, "సైన్సు కూడ ఒక విశ్వాసమే" అనియు రూపము మార్చుకొనుచున్నవి. వీటిని ఒక వాస్తవ చరిత్రతో సరిచూచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. పసుపు గీత

1868 ఆగస్టు 18న జరిగిన సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రాన్సు దేశస్థుడైన జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నములోను పరిశీలించిరి. హీలియమును గుంటూరులోనే కనుగొన్నారని మనము చెప్పుకొనుట కద్దు. ఇది పూర్తిగా సరికాదు. సూర్యుని అంచున లేచు జ్వాలలను గ్రహణము లేకుండగనే వర్ణపటదర్శినితో చూడవచ్చునని జాన్సెన్ అక్కడ కనుగొనెను. జ్వాలల కాంతిలోని పసుపు గీత సోడియం గీతల స్థానములో లేదని అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండులో లాకయర్ గుర్తించెను. అది భూమిపై ఎరుగని మూలకమునకు చెందినదని తరువాత అతడు ప్రతిపాదించగా అనేకులు సందేహించిరి. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజము నుండి వెలువడిన వాయువులో ఆ గీతనే చూచెను. అప్పటికి 27 సంవత్సరములు గడచినవి.

2. ఆకుపచ్చ గీత

1869లో అమెరికాలో కనబడిన గ్రహణమందు యంగ్, హార్క్‌నెస్ అనువారు సూర్యుని కరోనాలో ఒక ఆకుపచ్చ గీతను చూచిరి. దీనికిని తెలిసిన మూలకమేదియు సరిపోలేదు గనుక, 'కరోనియం' అను కొత్త మూలకమున్నదని తలంచిరి. తర్కము హీలియం విషయములో వాడినదే. ఫలితము మాత్రము వేరు. 1939 మొదలుకొని గ్రోట్రియన్, ఎడ్లెన్ చేసిన కృషి వలన అది 13 ఎలక్ట్రాన్లను కోల్పోయిన ఇనుము యొక్క గీత అని తేలినది. అందువలన కరోనా వేడి పది లక్షల డిగ్రీల స్థాయిలో ఉన్నదనియు తెలిసినది.

3. విమర్శ

"ఎక్కడో ఒక కొత్త మూలకమున్నది" అను మాటను అబద్ధమని నిరూపించుట సాధ్యము కాదు; విశ్వమంతయు వెదకినవారెవరును లేరు. పాపర్ కొలతను ఈ మాటకు మాత్రమే పెట్టినయెడల లాకయర్ ఊహ శాస్త్రీయము కాకపోవలెను. అట్టి మాట విడిగా నిలిచినప్పుడే పరీక్షకు అందదనియు, ఒక సిద్ధాంతములో భాగమైనప్పుడు అందుననియు పాపర్ పక్షమున జవాబు కలదు. ఇది న్యాయమే. అయితే అప్పుడు పరీక్షింపబడునది ఒక్క వాక్యము కాదు, అనేక విషయముల అల్లిక. 1913లో మోస్లీ మూలకములకు క్రమసంఖ్యలను నిర్ధారించిన తరువాత తేలిక మూలకముల మధ్య కరోనియమునకు చోటు లేకపోయెను. దానిని బలహీనపరచినది ఒక్క విరుద్ధ పరిశీలన కాదు.

దాదాపు 70 సంవత్సరములు ఆ గీతను చిక్కుగానే ఉంచుకొని శాస్త్రజ్ఞులు పని సాగించుటను కూన్ చక్కగా వివరించును. అయితే ఆ చిక్కు ఏల విడినదో సమాజము యొక్క అంగీకారము మాత్రమే వివరింపజాలదు. కరోనియమును అంగీకరించినవారు అనేకులున్నను అది దొరకలేదు. హీలియమును సందేహించినవారున్నను అది గాజుగొట్టములో వెలిగెను. తన సిద్ధాంతమును 'ఏదైనను చెల్లును' అను అర్థములో తీసికొనరాదని కూన్ 1970 నాటి రెండవ ముద్రణలో వివరణ ఇచ్చియున్నాడు. ఆయనను ఉదహరించు మనవారు దీనిని విడిచిపెట్టుచున్నారు.

ముగింపు

కరోనియం పోయినను ఆకుపచ్చ గీత పోలేదు. వివరణ మారినది, కొలత నిలిచినది. కనుక మార్పును అపనమ్మకమునకు కారణముగా చూపుట సరికాదు. ప్రయోగశాలలో చదువుకొను యౌవనస్థులు మన సంఘములలో కూర్చుండియున్నారు. ఆదివారమున మనము సైన్సును గూర్చి చెప్పినది సోమవారమున వారి బల్లయొద్ద తప్పని తేలినయెడల, వారు శంకించునది సైన్సును కాదు, మనలను. మనకు తెలిసిన ఇతర సంగతులలోను వారు మన మాటను అనుమానింతురు. కావున పాపర్, కూన్‌లను ఉదహరింపబోవు బోధకుడు ముందుగా ఒక్క ఆవిష్కరణ చరిత్రనైనను ఆద్యంతము చదువుట మంచిదని మేము తలంచుచున్నాము.