ఆదిత్యలో ఏడు పరికరాలు: ఎనిమిదవది ఏది?

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లో ఏడు పరికరాలున్నాయి. పోటీ పరీక్షల కోసం వాటి పేర్లు కంఠస్థం చేసిన విద్యార్థులు చాలామందే ఉంటారు. అయితే ఆ ఏడింటినే ఎందుకు ఎంచుకున్నారు? ఎంపికలో లోటేమైనా ఉందా?

2008లో తొలి ఆలోచన చిన్నది. 400 కిలోల ఉపగ్రహం, 800 కి.మీ. ఎత్తున కక్ష్య, ఒకే ఒక పరికరం - కరోనాగ్రాఫ్. సూర్యబింబపు వెలుగును తప్పించి, దానికన్నా దాదాపు పది లక్షల రెట్లు మసకగా ఉండే కరోనాను చూపే కృత్రిమ గ్రహణమన్నమాట.

తరువాత గమ్యాన్ని 15 లక్షల కి.మీ. దూరంలోని ఎల్1 బిందువుకు మార్చారు. ఇది మెచ్చదగిన నిర్ణయం. భూమి అయస్కాంత కవచం లోపల ఉండి సౌర పవనాన్ని కొలవలేం. ఎల్1 వద్ద అది నేరుగా తగులుతుంది. అందుకే నాలుగు పరికరాలు సూర్యుణ్ణి చూస్తుండగా, మిగిలిన మూడు తమను తాకే కణాలనూ, అక్కడి అయస్కాంత క్షేత్రాన్నీ కొలుస్తాయి. విస్ఫోటనాన్ని చూడటం, కొద్ది రోజులకు దాని తాకిడిని అదే నౌకలో నమోదు చేయడం - ఈ జంట ఏర్పాటే ప్రణాళికకు ప్రాణం.

ఇక లోటు. విస్ఫోటనాలకు మూలం సూర్యుని ఉపరితలంపై మెలికలు తిరిగే అయస్కాంత క్షేత్రం. 2010లో నాసా పంపిన ఎస్.డి.ఓ.లో సూర్యబింబమంతటికీ ఆ క్షేత్రపు పటం గీసే పరికరం ఉంది. ఆదిత్యలో లేదు. దాని కరోనాగ్రాఫ్ 'వెల్క్'కు కరోనాలోని క్షేత్రాన్ని కొలిచే ఏర్పాటుంది. 'సూట్' ఉపరితలాన్ని, దానిపైనున్న వర్ణావరణాన్ని అతినీలలోహిత కాంతిలో ఫొటోలు తీస్తుంది. అంటే మంటా పొగా మనకు కనిపిస్తాయి. నిప్పు రాజుకున్న చోటు తెలియాలంటే పొరుగువారి పటం అడగాలి.

బరువు మాటేమిటని అడగవచ్చు. పరికరాల మొత్తం బరువు 244 కిలోలైతే అందులో వెల్క్ ఒక్కటే 190 కిలోలు. ఈ వాదనలో నిజముంది. ఎస్.డి.ఓ. సమాచారం అందరికీ అందుబాటులో ఉన్న మాటా నిజమే. కానీ ఏ నౌకా చిరకాలం పనిచేయదు. 2024 మే 10, 11 తేదీల సౌర తుఫాను వేళ లడఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది. అటువంటి తుఫాన్లు ఉపగ్రహాలకూ, విద్యుత్ వ్యవస్థలకూ ముప్పు. ముందస్తు హెచ్చరికకు ఆ పటం అత్యవసరం.

2008 ఆలోచన నింగికెగసే సరికి 15 ఏళ్ళు పట్టింది; ఈలోగా 2014 నాటి సౌర గరిష్ఠ దశ దాటిపోయింది. కనుక తరువాతి నౌకకు పరికరాల ఎంపిక ఇప్పుడే మొదలవ్వాలి. బరువు పెంచకుండా ఎనిమిదవ పరికరం చేర్చాలంటే దేన్ని తగ్గిస్తారు? ఎందుకు? తరగతిలో చర్చించండి.