తడక గోడ పనితనం
ఉట్నూరు, జన్నారం వైపు గోండుల, కొలాముల పాత ఇళ్ల గోడలను దగ్గరగా చూడాలి. వెదురు చీల్చి, బద్దలు తీసి, నాటిన కర్రలకు ఒకదాని ముందు నుంచి, ఇంకోదాని వెనక నుంచి పోనిస్తూ తడక అల్లుతారు. ఎర్రమన్నులో పెండ, గడ్డి వేసి తొక్కుతారు. గడ్డి పోగులు మన్నును పట్టి ఉంచుతాయి కనుక ఎండినా పూత పెద్దగా పగలదు. ఆడవాళ్లు అరచేత్తోనే అలుకుతారు. ఆ వేళ్ల వంపులే గోడకు అందం. పైన గూన పెంకులు, కిందికి దిగిన చూరు. మే నెల మధ్యాహ్నం ఆ అర్రలో ఎంత చల్లగా ఉంటుందో! 2012లో టైగర్ రిజర్వు అయిన కవ్వాల్ అంచున అతిథి గృహాలు కట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి నమూనా లేదంటాను. పెచ్చు ఊడినా మేస్త్రీ కోసం చూడక్కర్లేదు, గుప్పెడు మన్ను తడిపి అద్దితే చాలు.